వృద్ధాప్యంలో కండబలం: ప్రోటీను పొడి కొనాలా, పప్పు వండాలా?



ఈ మధ్య మా ఓ.పి.లోను, వార్డుల్లోను తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మగారూ, మా నాన్నకు బాగా నీరసంగా ఉంటోంది. ఏ ప్రోటీను పొడి కొనమంటారు?" అని. ఉద్యోగస్తులూ అడుగుతున్నారు, రోజుకూలీ చేసుకునేవారూ అడుగుతున్నారు. కొందరు ముందు డబ్బా కొనేసి తరువాత మా దగ్గరకు వస్తారు. అమెరికాలోనో గల్ఫులోనో ఉన్న పిల్లలైతే పెద్ద పెద్ద డబ్బాలే పంపిస్తున్నారు. అమ్మ దగ్గర ఉండి చూసుకోలేకపోతున్నామన్న బాధ కూడా ఆ డబ్బాతోపాటే వస్తుంది. అది మాకు తెలుసు గనుక ఎవరినీ చిన్నబుచ్చము. కాని ఆ పొడి ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం, ఎవరికి ప్రమాదం అనేది ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి.

ముందు కండ సంగతి చూద్దాం. ముప్పై ఏళ్లు దాటిన దగ్గరనుండి మన శరీరంలో కండ కొద్దికొద్దిగా తగ్గుతుంది. పదేళ్లకు 3 నుండి 8 శాతం వరకు తగ్గుతుందని లెక్క. అరవై దాటాక ఈ తరుగుదల మరింత వేగమవుతుంది. దీనికి 1989లో అమెరికా వైద్యుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ 'సార్కోపీనియా' అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో కండ తగ్గిపోవడం అని అర్థం. చాలా ఇళ్లలో ఇది జబ్బని గుర్తించరు. "వయసైపోయింది కదా" అని ఊరుకుంటారు. బరువు తగ్గకపోవచ్చు కూడా. కండ కరిగిన చోట కొవ్వు చేరితే తూకంలో తేడా కనిపించదు. షుగరు ఉన్న లావుపాటి పెద్దవారిలో ఇది మేము తరచుగా చూస్తాము. పొట్ట ఉంటుంది, కాళ్లు మాత్రం పుల్లల్లా ఉంటాయి.

కండ తగ్గితే ఏమవుతుంది? బాత్రూంలో కాలు జారినప్పుడు నిలదొక్కుకునే బలం ఉండదు, పడిపోతారు. తుంటి ఎముక విరుగుతుంది. ఆపరేషను బాగానే జరుగుతుంది గాని, లేచి నడవడానికి కాలిలో కండ లేదు. మంచం పడతారు, వీపున పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. తుంటి విరిగి వచ్చిన పెద్దవారిలో ఎవరు త్వరగా ఇంటికి నడిచి వెళతారో, ఎవరు నెలల తరబడి ఒకరి సాయం మీద ఉంటారో అనేది, పడకముందు వారి కాళ్లలో ఎంత కండ ఉందన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఇంట్లోనే చూసుకోగల పరీక్షలు

చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. పెద్దవారిని కూర్చోబెట్టి, రెండు చేతులూ ఛాతీమీద కట్టుకోమనండి. ఆగకుండా ఐదుసార్లు లేచి నిలబడి కూర్చోవాలి. గడియారం చూడండి. 2019లో ఆసియా దేశాల నిపుణుల బృందం చెప్పినదాని ప్రకారం 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కాళ్లలో బలం తగ్గినట్టు అనుమానించాలి. పక్కన ఒక మనిషి తప్పనిసరిగా నిలబడాలి. మోకాళ్ల నొప్పులవల్ల లేవలేనివారి విషయంలో ఈ పరీక్షను పట్టించుకోనక్కరలేదు.

రెండవది ఇంకా తేలిక. మీ రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లు కలిపి ఒక వలయంలా చేసి, మీ పిక్కను లావైన చోట చుట్టి చూడండి. వేళ్లు అందకపోతే మంచిదే. వేళ్లు కలిసి, ఇంకా మధ్యలో ఖాళీ మిగిలితే కండ తగ్గి ఉండవచ్చు. ఇది జపాను దేశంలో పెద్దవారికి నేర్పే పరీక్ష. కాళ్లవాపు, బోదకాలు ఉన్నవారికి ఇది పనికిరాదు.

ఇవికాక మీ కళ్లు చాలు. గుడిలో లేచి నిలబడేటప్పుడు ముందు బెంచీని రెండు చేతులతో పట్టుకుని లాక్కుంటున్నారా? బస్సు మెట్టు ఎక్కలేక ప్రయాణాలు మానేశారా? ఊరగాయ జాడీ మూత తిప్పలేకపోతున్నారా? ఇవన్నీ కండ చెప్పే మాటలే.

అయితే ఒక హెచ్చరిక. మూడు, నాలుగు నెలల్లో కారణం లేకుండా బాగా బరువు తగ్గినా, ఆకలి చచ్చిపోయినా, దానికి పొడి మందు కాదు. క్షయ, అదుపులో లేని షుగరు, థైరాయిడు, క్యాన్సరు, మనసులోని దిగులు, వీటిలో ఏదైనా ఉండవచ్చు. భర్తో భార్యో పోయిన తరువాత ఒంటరిగా వండుకోబుద్ధికాక, మజ్జిగన్నంతో సరిపెట్టుకుని చిక్కిపోయినవారు మన సంఘాల్లోనే ఉన్నారు. ముందు డాక్టరుగారికి చూపించండి.

ఎంత ప్రోటీను కావాలి?

మాంసకృత్తులు అంటే ప్రోటీన్లు. కండకు ఇవి ఇటుకల్లాంటివి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనకందరికీ గర్వకారణం. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఆ సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం, పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీను కావాలి. 2013లో వృద్ధుల పోషణ గురించి ఆలోచించిన అంతర్జాతీయ నిపుణులు మాత్రం, 65 దాటినవారికి కిలోకు 1 నుండి 1.2 గ్రాములు మంచిదన్నారు. జబ్బుపడి కోలుకుంటున్నవారికి ఇంకా కొంచెం ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ, తిన్న ప్రోటీనును కండగా మార్చుకునే శక్తి మందగిస్తుంది, అదే దీనికి కారణం. ముసలివాళ్లకు తక్కువ తిండి చాలు అనే మాట అన్నం విషయంలో కొంత నిజమేమో గాని, ప్రోటీను విషయంలో నిజం కాదు.

50 కిలోల బరువున్న ఒక అమ్మగారు ఉన్నారనుకుందాం. ఆమెకు రోజుకు కనీసం 50 గ్రాములు కావాలి. ఆమె తినేది చూడండి. ఉదయం మూడు ఇడ్లీలు, చట్నీ. మధ్యాహ్నం అన్నం, కూర, నీళ్లలాంటి పప్పుచారు, మజ్జిగ. రాత్రి కొంచెం అన్నం, పచ్చడి, మజ్జిగ. రెండుసార్లు కాఫీ. ఇవన్నీ కూడితే పాతిక, ముప్పై గ్రాముల మధ్యనే ఆగిపోతుంది. కడుపు నిండింది, కండ మాత్రం పస్తుంది. రోజూ ఇదే జరుగుతుంటే శరీరం ఊరుకోదు. కావలసినదానికోసం సొంత కండనే కరిగిస్తుంది.

తక్కువైన ఆ పాతిక గ్రాములు ఎక్కడనుండి తేవాలి? ఒక కోడిగుడ్డులో 6 గ్రాములుంటుంది. 30 గ్రాముల కందిపప్పుతో వండిన ముద్దపప్పులో ఆరేడు గ్రాములు. 200 మిల్లీలీటర్ల గ్లాసెడు పాలలో ఆరేడు గ్రాములు. పిడికెడు వేరుశనగ గుళ్లు, అంటే 25 గ్రాములలో సుమారు 6. ఈ నాలుగూ కలిస్తే లెక్క సరిపోయింది! గుడ్డు ఖరీదు మీకు తెలుసు, పప్పు ఖరీదు తెలుసు. నెల మొత్తానికి వేసి, దుకాణంలో ఆ డబ్బా ధర పక్కన రాసుకుని చూడండి.

గుడ్డు తినని వారికి మీల్ మేకరు మంచిది. ఎండు మీల్ మేకరులో సగం బరువు ప్రోటీనే. 20 గ్రాములు నానబెట్టి కూరలో వేస్తే 10 గ్రాములు వస్తుంది. చేపలు, కోడి మాంసం తినేవారికి వంద గ్రాముల ముక్కలలో ఇరవై గ్రాముల దాకా అందుతుంది. చిన్నచేపలు దొరికే ఊళ్లవారు అదృష్టవంతులు, వాటిలో సున్నం కూడా దొరుకుతుంది.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం కోడికూర పెట్టి, మిగతా ఆరు రోజులు చారుతో గడిపితే ప్రయోజనం లేదు. కొవ్వును దాచుకున్నట్టు శరీరం ప్రోటీనును రేపటికోసం దాచుకోదు. ప్రతిరోజూ కావాలి, మూడు పూటలకూ పంచి పెట్టాలి. మన ఇళ్లలో ఉదయం పూట, రాత్రి పూట పూర్తిగా ఖాళీ. ఇడ్లీకి బదులు వారానికి మూడు రోజులు పెసరట్టు వేయండి. రాత్రి మజ్జిగ బదులు గట్టి పెరుగు వేయండి. చట్నీలో కొబ్బరి తగ్గించి పుట్నాలు, పల్లీలు పెంచండి.

పెద్దవారిలో చాలామంది మాంసం, పప్పు మానేయడానికి అసలు కారణం పళ్లు. నమలలేరు, పైకి చెప్పరు, "నాకు ఇష్టం లేదు" అంటారు. ఒకసారి నోరు తెరిపించి చూడండి. కట్టుడు పళ్లు వదులైతే దంతవైద్యునికి చూపించండి. ఈలోగా మెత్తగా ఉడికిన గుడ్డు, ఖైమా, ముళ్లు తీసిన చేప, మెత్తని పప్పు, పెరుగు పెట్టవచ్చు. శ్రమల దినాల్లో నలభై రోజులు మాంసం, గుడ్డు విడిచిపెట్టే పెద్దవారు, ఆ స్థానంలో పప్పు, మీల్ మేకరు, పాలు పెంచుకోవాలి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరుగారిని అడగకుండా పూట భోజనం మానరాదు.

డబ్బాలో ఏముంటుంది?

ప్రోటీను పొడుల్లో మంచిపేరున్నది వే ప్రోటీను. ఇదేమీ వింత పదార్థం కాదు. పాలు విరిగినప్పుడు పైకి తేలే నీరు ఉంటుంది చూశారా, దానినుండి తీసి ఎండబెట్టిన పొడి అది. కొన్ని పొడులు సోయానుండి, బఠానీనుండి తీస్తారు. వీటిలో కండకు ఉపయోగపడే గుణం ఉన్నమాట నిజమే. కాని పాలలోను, గుడ్డులోను లేని మాయ ఏదీ వాటిలో లేదు.

ఇక రోగిని చూడడానికి వచ్చేవారు బ్రెడ్డుతో, బత్తాయిలతో కలిపి తెచ్చే మాల్టు పొడి డబ్బాల సంగతి వేరు. వాటిలో చాలావాటిలో ప్రోటీను కంటే చక్కెరే ఎక్కువ. వెనకవైపు పట్టీ చదవండి. వంద గ్రాములకు ప్రోటీను ఎంత, చక్కెర ఎంత అని రెండు అంకెలు ఉంటాయి. చక్కెర అంకె పెద్దదైతే అది తీపి పొడి మాత్రమే. ఇటువంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్' అనే వర్గంలో చూపవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ వ్యాపార సంస్థలకు చెప్పింది. షుగరు రోగి మంచం పక్కన ఇటువంటి డబ్బా కనబడితే మా సిస్టర్లు తీసి పక్కన పెడతారు, దయచేసి కోపం తెచ్చుకోవద్దు.

నాణ్యత విషయం కూడా తెలుసుకోండి. 2024లో కేరళ వైద్యుల బృందమొకటి మన దేశంలో అమ్మే 36 రకాల ప్రోటీను పొడులను పరీక్షించింది. దాదాపు 70 శాతం వాటిలో పట్టీమీద రాసిన ప్రోటీనుకు, లోపల ఉన్నదానికి పొంతన లేదు. కొన్నింటిలో బూజువల్ల పుట్టే విషం కనబడింది. అదే ఏడాది జాతీయ పోషకాహార సంస్థ తన ఆహార సూచనల్లో, కండ పెంచుకోవడానికి ప్రోటీను పొడులు వాడవద్దని ప్రజలకు చెప్పింది. అందుచేత కొనక తప్పనప్పుడు మందుల దుకాణంలో, మూత సీలు ఉన్నది, ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. నంబరు ఉన్నది, గడువు తేదీ చూసి కొనండి. తెలిసినవాళ్లు సంచిలో పోసి ఇచ్చే పొడి వద్దు.

ఎవరికి అవసరం అంటే, పెద్ద ఆపరేషను తరువాత తినలేకపోతున్నవారికి, వీపున పుండ్లు పడినవారికి, కాలిన గాయాలవారికి, క్యాన్సరు చికిత్సలో ఉన్నవారికి, గొట్టం ద్వారా ఆహారం తీసుకునేవారికి డాక్టరుగారు రాస్తారు. అప్పుడు అది మందుతో సమానం, ఎంత చెబితే అంత, ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులు వాడాలి. పక్షవాతం వచ్చి మింగడం కష్టంగా ఉన్నవారికి పలచగా కలిపి పట్టిస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎంత చిక్కగా కలపాలో వార్డులో చూపిస్తాము.

మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు

ఈ భాగం మాత్రం ప్రతి ఒక్కరూ చదవాలి. మూత్రపిండాలు దెబ్బతిని, ఇంకా డయాలిసిస్ దాకా రానివారికి డాక్టర్లు ప్రోటీను తగ్గించమంటారు. వడపోత యంత్రం బలహీనంగా ఉన్నప్పుడు దానిమీద బరువు పెంచకూడదు గదా! అటువంటివారికి పిల్లలు ప్రేమతో రోజుకు రెండు గరిటెల పొడి పట్టిస్తే మంచికి పోయి చెడు ఎదురైనట్టే. డయాలిసిస్ చేయించుకుంటున్నవారి సంగతి దీనికి తలకిందులు. డయాలిసిస్‌లో ప్రోటీను కొంత పోతుంది గనుక వారికి ఎక్కువ కావాలి. పాత చీటీలో "పప్పు, గుడ్డు మానండి" అని రాసి ఉన్నందున, డయాలిసిస్ మొదలైన తరువాత కూడా అదే పథ్యం పాటించి ఎండిపోయినవారున్నారు. డయాలిసిస్ మొదలుపెట్టిన రోజే ఆహారం గురించి మళ్లీ అడగండి.

మూత్రపిండాల వ్యాధి మొదట్లో బయటికి కనబడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో, షుగరు, బీపీ లేని రైతుకూలీలకు కూడా ఈ జబ్బు వచ్చింది. చాలామందికి ఆలస్యంగా తెలిసింది. కాబట్టి అరవై దాటినవారు, షుగరు, బీపీ ఉన్నవారు, నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి మింగినవారు, ఏ పొడి మొదలుపెట్టేముందైనా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోవాలి. చిన్న పరీక్షలే. డబ్బా ఖర్చుతో పోలిస్తే లెక్కలోనివి కావు.

మందులతో పేచీ కూడా ఉంది. థైరాయిడు మాత్ర పరగడుపున వేసుకుని, వెంటనే పాలల్లో కలిపిన పొడి తాగితే మాత్ర ఒంటబట్టదు. కాల్షియం, సోయా ఉన్న పొడికైతే నాలుగు గంటల ఎడం ఉండాలి. వణుకుడు జబ్బుకు లీవోడోపా మాత్రలు వాడేవారు వాటిని భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి, ప్రోటీనుతో కలిపి వేసుకుంటే పనితనం తగ్గుతుంది.

తిన్నది కండ కావాలంటే

1994లో అమెరికాలోని బోస్టను నగరంలో, వృద్ధుల సంరక్షణాలయంలో ఉన్న 100 మందిపై ఒక పరిశోధన జరిగింది. వారి సగటు వయస్సు 87. కొందరికి బలమైన పానీయం ఇచ్చారు, కొందరికి కాళ్లతో బరువులెత్తే వ్యాయామం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. పది వారాలకు వ్యాయామం చేసినవారి బలం రెట్టింపు దాటింది. పానీయం మాత్రమే తాగినవారికి బలం పెరగలేదు. ఎనభై ఏడేళ్ల వయసులో! పొడి కొనేముందు ఇది గుర్తు చేసుకోండి. ఇటుకలు తెచ్చి కుప్ప పోస్తే గోడ లేవదు, మేస్త్రీ కావాలి. కండకు మేస్త్రీ కదలిక.

మంచం చేసే నష్టం కూడా తక్కువ కాదు. 2007లో వెలువడిన మరో అమెరికా పరిశోధనలో, ఏ జబ్బూ లేని పెద్దవారిని పది రోజులు మంచం మీదనే ఉంచి చూస్తే, వారి కాళ్లలో సుమారు కిలో కండ తగ్గిపోయింది. జబ్బు లేనివారికే అంత అయితే జ్వరపడినవారి సంగతి చెప్పాలా? ఆపరేషను మరునాడే లేపి కూర్చోబెడుతుంటే "ఈ సిస్టర్లకు జాలి లేదు" అని బంధువులు గొణగడం మేము వింటూనే ఉంటాము. వింటాము, లేపుతాము.

మన ఇళ్లలో గౌరవం పేరుతో కూడా కండ పోతుంది. "మీరు కూర్చోండి అత్తయ్యగారూ, నేను చేస్తాను" అని కోడలు అంటుంది, మంచి కోడలే. నీళ్ల గ్లాసు కూడా చేతికే వస్తుంది. ఆరు నెలలకు అత్తయ్యగారు నిజంగానే లేవలేరు. పూలు కోయడం, బియ్యం ఏరడం, బట్టలు మడవడం, గేటు దాకా వెళ్లి పాల ప్యాకెట్టు తేవడం వారికే వదిలిపెట్టండి.

రోజూ నడవడం గుండెకు మంచిది, కాని కాళ్ల బలానికి అది ఒక్కటే చాలదు. వారానికి కనీసం రెండు రోజులు కండకు పని పెట్టే వ్యాయామం కావాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఖర్చు లేనివే చెబుతాను. కుర్చీలోనుండి లేచి, నెమ్మదిగా కూర్చోవాలి, పదిసార్లు. కూర్చునేటప్పుడు ధబాలున పడిపోకుండా నిదానించడంలోనే కాళ్లకు ఎక్కువ పని. కిటికీ ఊచలు పట్టుకుని మునివేళ్ల మీద లేవాలి, పదిసార్లు. అర లీటరు నీళ్ల సీసా ఒక్కో చేత్తో పట్టుకుని మోచేయి మడిచి ఎత్తాలి. ఈ మూడూ ఒకసారి చేసి, కాసేపు ఆగి, మళ్లీ ఒకసారి. వారానికి మూడు రోజులు చాలు. కొత్తలో రెండు మూడు రోజులు తొడలు సలుపుతాయి, భయపడనక్కరలేదు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఊపిరాడకపోవడం ఉంటే ఆపి ఆసుపత్రికి రావాలి. గుండె జబ్బు ఉన్నవారు, ఈ మధ్య ఆపరేషను అయినవారు ముందు అడిగి మొదలుపెట్టాలి.

ఇంటి పొడి కావాలని అడిగేవారికి ఇది చెబుతాను. పుట్నాలు రెండు పాళ్లు, పొట్టు తీసిన వేయించిన పల్లీలు ఒక పాలు, నువ్వులు అర పాలు, కొంచెం జీలకర్ర వేసి మెత్తగా దంచుకోండి. ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి ఏరి పారేయాలి. పది రోజులకు సరిపడా మాత్రమే చేసి తడిలేని సీసాలో పెట్టండి. మూడు పెద్ద చెంచాలు గట్టి పెరుగులోనో, గోరువెచ్చని పాలల్లోనో కలిపి ఇస్తే పొడినుండి ఆరు గ్రాముల వరకు ప్రోటీను వస్తుంది. పొడిగా నోట్లో వేయకండి, పెద్దవారికి గొంతు పట్టేస్తుంది. మూత్రపిండాల జబ్బువారికి ఇది కూడా అడగకుండా ఇవ్వరాదు.

ఇప్పటికే డబ్బా కొని ఇంట్లో ఉంచుకున్నవారు, ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు దానిని, లేదా దాని వెనకవైపు పట్టీని ఫోనులో ఫోటో తీసి తీసుకురండి. మందుల చీటీ, పాత రక్తపరీక్ష కాగితాలు కూడా తీసుకురావాలి. ఓ.పి.లో బీపీ చూసే సిస్టరు బరువు తూచి, లెక్క వేసి, ఆ పొడి మీకు పనికొస్తుందా లేదా డాక్టరుగారిని అడిగి చెబుతారు.